ఆల్సాస్ ద్రాక్షతోటల్లో బాపుతో అయిదు రోజులు

మేం స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. సెప్టెంబర్‌లో అమ్మా బాపూ వచ్చినప్పుడు పారిస్ తీసుకెళ్దామన్నారు మా ఆయన. బాపు ముప్పై ఏళ్లు మేడ్చల్ దగ్గర అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండించిన మనిషి. ఆయనకు ఈఫిల్ టవర్ కంటే ఓ మంచి తోట చూపించాలని నాకు పట్టుదల. కారులో రెండున్నర గంటలు వెళ్లి రైన్ నది దాటితే ఆల్సాస్.

ఫ్రాన్స్‌కి తూర్పు అంచున ఉన్న సీమ ఇది. 1871 నుంచి 1945 లోపు ఫ్రాన్స్, జర్మనీల మధ్య నాలుగుసార్లు చేతులు మారింది. ఊళ్ల పేర్లు జర్మన్‌లా వినిపిస్తాయి, మాట్లాడేది ఫ్రెంచ్. ద్రాక్షతోటల ఊళ్ల మీదుగా పోయే ఇక్కడి వైన్ రోడ్డు 1953లో మొదలైంది, మార్లెన్‌హైమ్ నుంచి తాన్ దాకా దాదాపు 170 కిలోమీటర్లు. మొదట రోజుకో ఊళ్లో బస అనుకుని ప్లాన్ వేశాను. అమ్మ మోకాళ్లు గుర్తొచ్చి ఆ కాగితం చింపేశాను. కోల్మార్ పట్నంలో రెండు రాత్రులు, ఎగిషైమ్ పల్లెలో రెండు రాత్రులు. ఎవరు అడిగినా ఇప్పుడు ఇదే చెప్తాను.

కోల్మార్‌లో స్టేషన్ దగ్గర లిఫ్ట్ ఉన్న హోటల్ తీసుకున్నాం. కారు లేనివాళ్లకీ ఈ ఊరు సులువే, స్ట్రాస్‌బర్గ్ నుంచి రైల్లో అరగంట. కాలువ ఒడ్డున రంగురంగుల ఇళ్లు అందరూ ఫొటోల్లో చూసినవే, గంటలో అయిపోతాయి. ఉంటర్‌లిండెన్ మ్యూజియానికి మాత్రం పూట మొత్తం ఇవ్వండి. ఐసెన్‌హైమ్ మఠం కోసం గ్రూనెవాల్డ్ అనే చిత్రకారుడు 1512–1516 మధ్య వేసిన చిత్రాలు అక్కడున్నాయి. ఆ మఠం ఆసుపత్రిలో ఉన్నది బూజు పట్టిన రై గింజల రొట్టె తిని ఒళ్లు మండి, కాళ్లూ చేతులూ కుళ్లిన రోగులు. చిత్రంలో క్రీస్తు ఒంటి నిండా పుళ్లు. రోగం పేరు వివరించబోతుంటే బాపు ఆపారు. "మన సజ్జ చేన్లకు తేనెబంక పడ్తది గదా బిడ్డా, గసొంటిదేనా?" అదే, ఎర్గాట్ అనే బూజు. ఆ తర్వాత ఆయన ఆ బొమ్మ ముందు నుంచి చాలాసేపు కదల్లేదు.

ఎగిషైమ్ వీధులు గుండ్రంగా, ఒక వలయంలో ఇంకోటిగా తిరుగుతాయి. పగలు జనం కిక్కిరిసి ఉంటారు. సాయంత్రం బస్సులన్నీ వెళ్లిపోయాక ఊరు ఊరి వాళ్లదవుతుంది. రాళ్ల బాటల మీద ట్రాక్టర్లు, గాలి నిండా పులుస్తున్న ద్రాక్షరసం వాసన. అందుకే పల్లెలో రాత్రి బస చేయాలంటాను. పగటిపూట వచ్చిపోతే ఇది దొరకదు.

మా బస ఓ ద్రాక్ష రైతు ఇల్లు. గది శుభ్రంగా ఉంది, వంటగది ఉంది, కానీ రెండో అంతస్తుకి నిచ్చెనలాంటి చెక్క మెట్లు. బుకింగ్ ఫొటోల్లో అవి లేవు. అమ్మ ఆ రాత్రి చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడు ఇంటావిడ తనంతట తానే కింది గది ఇచ్చింది. ఈ పాత కలప ఇళ్లలో లిఫ్టులు అరుదు. పెద్దవాళ్లతో వెళ్తే ఏ అంతస్తు, ఎన్ని మెట్లు అని డబ్బు కట్టకముందే రాసి అడగండి.

శాకాహారులకు తిండి కష్టమే. అమ్మ మాంసం ముట్టదు. పల్చటి రొట్టె మీద మీగడ, ఉల్లిపాయ వేసి కాల్చే టార్ట్ ఫ్లాంబే ఆమెకు సరిపోతుంది కానీ మామూలుగా దాని మీద పంది మాంసం ముక్కలు వేస్తారు. "సాన్ లార్దోఁ", అంటే ఆ ముక్కలు వద్దని, గట్టిగా చెప్పాలి. ఒకచోట చెప్పినా వేసి తెచ్చారు, వెనక్కి పంపాం. బియ్యం, పప్పు, ఆవకాయ తెచ్చుకున్నందుకు రాత్రిళ్లు నిశ్చింత.

వైన్ రుచి చూపే గదుల్లో ఆదరణ బాగుంది. చిన్న ఇళ్లలో అయితే వాళ్లే కూర్చుని పోస్తారు, వచ్చేటప్పుడు ఒకటో రెండో సీసాలు కొనడం మర్యాద. రీస్లింగ్ అనే తెల్ల వైన్ నాకు నచ్చింది. గెవుర్ట్స్‌ట్రమీనర్ అనే ఇంకో తెల్ల వైన్ గ్లాసు వాసన చూసి "గులాబీ పన్నీరులెక్క ఉంది" అంది అమ్మ. తాగని బాపుకి ద్రాక్షరసం ఇచ్చారు. మా ఆయన డ్రైవింగ్ వల్ల చుక్క ముట్టలేదు. అక్కడ పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, దానితో ఆటలొద్దు.

రిక్‌వీర్ పల్లె అందమైనదే, కానీ మధ్యాహ్నం తోపులాట. పొద్దున తొమ్మిదికల్లా చేరండి. ఆఫ్రికాలో వైద్యసేవ చేసిన ఆల్బర్ట్ ష్వైట్జర్ పుట్టిన కైజర్స్‌బెర్గ్ మాకు ఇంకా నచ్చింది, వాగు పక్కన కూర్చోడానికి చోటుంది. ఓ-కోనిగ్స్‌బూర్ కోట నిండా మెట్లే, అమ్మ బయటే ఉండిపోయింది.

చివరి రోజు ఇంటాయన మమ్మల్ని తోటలోకి తీసుకెళ్లారు. "పందిరే లేదేంది?" అన్నది బాపు మొదటి ప్రశ్న. ఇక్కడ తీగలు తలపైకి పాకవు, వరుసల్లో ఇనుప తీగలకు కట్టి నిలబెడతారు. పడమటి వోజ్ కొండలు వానని ఆపేస్తాయి, ఫ్రాన్స్‌లో తక్కువ వాన పడే ఊళ్లలో కోల్మార్ ఒకటి. కోతప్పుడు వాన పడి గుత్తులు పగిలిన ఏళ్లు తలచుకుని బాపు ఆ కొండలవైపే చూస్తూ నిలబడ్డారు. మేం ఏడాదికి రెండు కత్తిరింపులు చేసేవాళ్లం అని చెప్పమన్నారు నన్ను. ఇక్కడ ఒక్కటే, చలికాలంలో. ఏ కొమ్మ ఉంచుతారో, చిగురేసే కళ్లు ఎన్ని వదులుతారో ఇద్దరూ వేళ్లతోనే చెప్పుకున్నారు, నా అనువాదం అక్కర్లేకపోయింది.

జనవరి, ఫిబ్రవరిల్లో చాలా హోటళ్లు, భోజనశాలలు మూసేస్తారని చెప్పినా వినకుండా, మళ్లీ వస్తే కత్తిరింపులప్పుడే వస్తానంటున్నారు బాపు.