మ్యూనిక్‌లో చదువుతూ వారాంతాల్లో తిరగడం: ఏ బండి ఎక్కాలి, ఏ ఊరికి ఎంత టైం పెట్టాలి

మ్యూనిక్‌లో చదివేవాళ్ల తిరుగుళ్లకు అయ్యే ఖర్చులో పెద్ద భాగం ముందే కట్టేసి ఉంటుంది. రోజూ క్లాసులకు వాడే డాయిచ్‌లాండ్ టికెట్టే ఆల్ప్స్ కొండల దాకా పనికొస్తుంది. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఈ నెలవారీ టికెట్ 2025లో 58కి, 2026 జనవరి నుంచి 63కి పెరిగింది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో విద్యార్థులకు దీన్నే తగ్గింపు ధరకు ఇస్తారు కాబట్టి, పూర్తి ధర కట్టే ముందు మీ యూనివర్సిటీకి అది వర్తిస్తుందేమో చూసుకోండి. నెలనెలా దానంతటదే రెన్యూ అవుతుంది. సెలవులకు ఇంటికి వెళ్తుంటే సాధారణంగా అంతకు ముందు నెల 10వ తేదీలోపే రద్దు చేసుకోవాలి.

దేశంలో ఎక్కడైనా లోకల్ రైళ్లు, ట్రాములు, సిటీ బస్సులు, మెట్రో దీని మీద ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రయాణ రైళ్లు, ఊళ్ల మధ్య నడిచే ఫ్లిక్స్‌బస్ మాత్రం ఎక్కకూడదు. జర్మన్ రైల్వే యాప్ డీబీ నావిగేటర్‌లో లోకల్ రైళ్లు మాత్రమే చూపమని ఫిల్టర్ పెట్టకపోతే ఈ దూరప్రయాణ బండ్లు కూడా కలిపి చూపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. సరైన టికెట్ లేకపోతే జరిమానా 60 యూరోలు. టికెట్ మీ పేరు మీద ఉంటుంది కాబట్టి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది కనుక పవర్‌బ్యాంక్ కూడా తీసుకెళ్లండి.

బండి తప్పిపోవడానికి అసలు కారణం చాలాసార్లు స్టేషనే. మ్యూనిక్ హాప్ట్‌బాన్‌హోఫ్ (మెయిన్ స్టేషన్) పేరుకు ఒకటే అయినా, నిజానికి అవి పక్కపక్కనే ఉన్న మూడు స్టేషన్లు. 11 నుంచి 26 దాకా ప్లాట్‌ఫారాలు పెద్ద హాలులో ఉంటాయి. కొండల వైపు వెళ్లే బండ్లు ఎక్కువగా 5–10 లేదా 27–36 ప్లాట్‌ఫారాల నుంచి బయల్దేరతాయి. అవి రెండూ పక్క రెక్కల్లో, హాలు దాటి చాలా లోపలికి ఉంటాయి. మెట్రో దిగి 27 దాటిన ప్లాట్‌ఫారానికి చేరాలంటే పది నిమిషాలు పెట్టుకోండి.

ఇంకో చిక్కు, దారిలో విడిపోయే బండ్లు. టేగర్న్‌జే, లెంగ్రీస్, బైరిష్‌ట్సెల్ ఊళ్లకు వెళ్లే బీఆర్‌బీ కంపెనీ లోకల్ రైలు మ్యూనిక్ నుంచి ఒకటిగానే బయల్దేరుతుంది. హోల్ట్స్‌కిర్షెన్‌లో బైరిష్‌ట్సెల్ భాగం, షాఫ్ట్‌లాక్‌లో మిగతా రెండూ విడిపోతాయి. పెట్టె పక్కన, లోపలి తెర మీద ఊరి పేరు రాసి ఉంటుంది. ఎక్కే ముందు అది చదవండి. ఖాళీ సీటు కనిపించిందని ఏదో పెట్టెలో కూర్చుంటే టేగర్న్‌జే సరస్సుకు బదులు ఇంకో లోయలో దిగుతారు. వెనక్కి వచ్చి సరైన బండి పట్టుకునేసరికి గంటకు పైగా పోతుంది.

ఎక్కువమంది మొదట అడిగేది నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట గురించి. బవేరియా రాజు రెండో లుడ్విగ్ దీన్ని 1869లో కట్టడం మొదలుపెట్టాడు. 1886లో ఆయన చనిపోయేనాటికి చాలా గదులు పూర్తే కాలేదు. 2025లో యునెస్కో జాబితాలో చేరింది. కోట లోపలికి గైడుతోనే వెళ్లాలి, చూపించేది దాదాపు అరగంట, ఫొటోలు తీయనివ్వరు. టికెట్ మీద నిమిషంతో సహా టైం ఉంటుంది. అది దాటితే టికెట్ చెల్లదు. అందుకే లెక్క వెనక నుంచి వేసుకోవాలి: ఫ్యుసెన్ దాకా రైలు రెండు గంటలు, అక్కడ 73 లేదా 78 నంబరు బస్సు పది నిమిషాలు, బస్సు కోసం ఎదురుచూపు, ఆ తర్వాత కొండ మీదికి నడక 40 నిమిషాలు. మ్యూనిక్‌లో 8కి బయల్దేరితే 11:30కి ముందు స్లాట్ తీసుకోవద్దు. బుకింగ్ ఆన్‌లైన్‌లో ముందే చేసుకోండి. వేసవి వారాంతాల్లో అక్కడికి వెళ్లి కొందామంటే దొరకడం కష్టం.

నా మాట అడిగితే, కోట అందం బయటి నుంచే. మారియెన్‌బ్రూకె వంతెన మీద నుంచి కనిపించే దృశ్యానికి టికెట్ అక్కర్లేదు. మంచు గడ్డకట్టినప్పుడు ఆ వంతెన మూసేస్తారు కాబట్టి, చలికాలంలో వంతెన కోసమే వెళ్తుంటే ముందు తెలుసుకోండి. లోపలి టికెట్ డబ్బు మిగుల్చుకుని, కిందనే ఉన్న ఆల్ప్‌జే సరస్సు చుట్టూ నడిస్తే ఆ రోజు ఇంకా బాగుంటుంది.

ఒక్క రోజే ఉంటే నేను మొదట చెప్పేది కోయ్‌నిగ్స్‌జే సరస్సు. ఫ్రైలాసింగ్‌లో బండి మారి బెర్క్‌టెస్‌గాడెన్ చేరి, 841 బస్సు ఎక్కాలి. ఒకవైపే మూడు గంటలు, కనుక ఉదయం 7లోపు బయల్దేరాలి. రెండు పక్కలా కొండలు నిలువుగా నీళ్లలోకి దిగుతాయి, అందుకే ఒడ్డు వెంట మామూలు దారి లేదు. పడవే గతి, దాని టికెట్ వేరు. 1909 నుంచీ ఇక్కడ కరెంటు పడవలే నడుస్తున్నాయి. మధ్యలో ఇంజిను ఆపి, పడవ మనిషి బాకా ఊదితే కొండ తిరిగి పలుకుతుంది. చాలామంది సెయింట్ బార్తొలొమే చర్చి దగ్గరే దిగి వెనక్కి వచ్చేస్తారు. అక్కడ ఆగకుండా చివరి రేవు సాలెట్ దాకా వెళ్లండి. పావుగంట నడిస్తే ఓబర్‌జే అనే చిన్న సరస్సు వస్తుంది, అసలు చూడాల్సింది అదే. సాలెట్ రేవుకు పడవలు వేసవి సీజనులోనే వెళ్తాయి. సాయంత్రం తిరుగు పడవకు పెద్ద క్యూ ఉంటుంది. ఆఖరి పడవ టైం దిగగానే ఫొటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే అది పోతే నడిచి వచ్చే దారి లేదు.

సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉన్నా అక్కడి మెయిన్ స్టేషన్ దాకా డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది, ఆస్ట్రియా వేగపు రైలు రైల్‌జెట్ మాత్రం ఎక్కకూడదు. ఊరి బస్సుకు వేరే టికెట్ కావాలి. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర పోలీసులు తనిఖీ చేస్తారు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు రెండూ అసలువే ఉండాలి, ఫోన్‌లో ఫొటో చాలదు. అక్కడ రాత్రి ఉంటే, 2025 మే నుంచి సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో బస చేసేవాళ్లకు లోకల్ రవాణా ఉచితం. ఆ పాస్ హోటల్‌ను అడిగి తీసుకోండి. ఫ్యుసెన్, గార్మిష్‌లలో కూడా బసతో గెస్ట్ కార్డు ఇస్తారు.

దాఖౌకు సగం రోజు కేటాయించండి. ఎస్2 సబర్బన్ రైలు, తర్వాత 726 బస్సు. ప్రవేశం ఉచితం. 1933లో నాజీలు తెరిచిన ఈ నిర్బంధ శిబిరంలో 41,000 మందికి పైగా చనిపోయారు. అదే రోజు మరో సరదా చోటు పెట్టుకోవద్దు.

ఊళ్లో అయితే ఆదివారం మంచిది. ఆల్టె పినకొటేక్, పినకొటేక్ డేర్ మొడెర్నె, బ్రాండ్‌హోర్స్ట్ మ్యూజియాలకు ఆ రోజు టికెట్ 1 యూరో. నోయె పినకొటేక్ మరమ్మతుల కోసం 2018 చివర నుంచి మూతపడి ఉంది. పీటర్స్ చర్చి గోపురానికి 306 మెట్లు, లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే దారి. ఊరిని పైనుంచి డబ్బు లేకుండా చూడాలంటే ఒలింపియా పార్కు గుట్ట ఎక్కండి, సూర్యాస్తమయం అక్కడ బాగుంటుంది.

తిండి శనివారం రాత్రి 8లోపే కొనుక్కోవాలి, బవేరియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు ఉండవు. రైలుకు పులిహోరను మించింది లేదు, సాయంత్రం దాకా పాడవదు. కొండ మీది హోటళ్లలో శాకాహారులకు ఎక్కువగా దొరికేది కేజ్‌ష్పెట్స్‌లె (చీజ్ కలిపిన నూడుల్స్ లాంటిది), కానీ దాని పిండిలో గుడ్డు కలుపుతారు. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, 20 యూరోల నోటు ఒకటి ఉంచుకోండి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయొద్దు, ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కి వస్తాయి.

స్నేహితులను పిలిచి బస చూపించాల్సి వస్తే సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా వద్దనండి. ఒక్టోబర్‌ఫెస్ట్ రోజుల్లో హాస్టల్ పడకల ధరలు కూడా రెండు మూడింతలు అవుతాయి. ఏ నెలలోనైనా వారాంతంలో ట్రాక్ పనులు ఉంటాయి. బోర్డు మీద ఎస్‌ఈవీ అని కనిపిస్తే రైలు బదులు బస్సు వేశారని అర్థం. అలాంటి రోజు బయల్దేరే టైం గంట ముందుకు జరపండి.