రాత్రి బండి దాకా ప్రకాశం పార్కులో

దర్శనం అయిపోయింది, కొండ దిగేశాం. హైదరాబాదు బండేమో రాత్రికి. ఇలాంటప్పుడు చాలామంది ప్లాట్‌ఫారం మీదే దుప్పటి పరుచుకుంటారు. ఇన్నేళ్లు మేమూ అంతే. ఈసారి మాత్రం అమ్మను తిరుపతి ఊళ్లోనే ఉన్న ప్రకాశం పార్కుకు తీసుకెళ్లాను.

అసలు రూములోనే ఉందామనుకున్నాం. స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. దిగేటప్పుడు 24 గంటలన్నారు. తీరా మధ్యాహ్నం కాగానే ఖాళీ చేయండి, లేదంటే ఇంకో రోజు అద్దె కట్టండి అన్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను మెట్ల దగ్గర నిలబెట్టి ఆ మాట అనడం నాకు చాలా బాధనిపించింది. ఖాళీ చేయాల్సిన టైము రసీదు మీద రాయించుకోండి. టీటీడీ వాళ్ల గది దొరికితే అంతకన్నా కావాల్సింది లేదు. స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం ఉన్నాయి. దర్శనం టోకెన్లూ అక్కడే ఇస్తారు కాబట్టి రద్దీకి మాత్రం సిద్ధపడాలి.

సామాను స్టేషన్లో పెట్టేసి, ఎండ తగ్గాక ఆటో ఎక్కాం.

పార్కులోకి వెళ్లగానే అమ్మ ఒక చెట్టు కింద బెంచీ చూసుకుని, చెప్పులు విడిచి పాదాలు గడ్డి మీద ఆనించింది. రెండు రోజులు క్యూలైన్లలో నిలబడిన కాళ్లవి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఉయ్యాలల దగ్గర పిల్లల గోల, నడకకు వచ్చినవాళ్ల కబుర్లు వింటూ కూర్చుంది. పక్క బెంచీ మీది పెద్దాయన, "కొండకు పోయొచ్చినారా అమ్మా?" అని పలకరించాడు. ఆయనది ఈ ఊరే. "నేను కొండెక్కి ఏడాదయింది. ఈడ నుంచే దండం పెట్టుకుంటాండా" అన్నాడు. ఇక ఇద్దరూ మోకాళ్ల గురించి, మనవళ్ల గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. నేను బయట మసాలా బొరుగులు కట్టించుకొచ్చాను. పొట్లాలు తర్వాత డబ్బాలోనే వేశాం. దయచేసి మీరూ అలాగే చేయండి.

నడవగలిగినవాళ్లకు వినాయకసాగర్ ఇంకా బాగుంటుంది. చెరువు చుట్టూ నడుస్తుంటే గాలి హాయిగా తగులుతుంది. వానలు పడ్డాక అయితే కపిలతీర్థం జలపాతం చూడాల్సిందే. జూ మాత్రం బండికి ముందు పెట్టుకోకండి. 1987లో మొదలైన ఆ జూ 5,532 ఎకరాల్లో ఉంది, దానికి కనీసం సగం రోజు కావాలి.

చీకటి పడ్డాక బయటికొచ్చి ఆటో మాట్లాడుకున్నాం. దారిలో ఒకచోట భవనాల సందులోంచి, కొండ మీద నడకదారిలో ఉన్న గాలిగోపురం దగ్గరి నామం లైట్లు కనిపించాయి. అమ్మ ఆటో ఆపమంది. దిగి, చేతులు జోడించి నిలబడింది. ఆటో అబ్బాయి ఇంజిను ఆపేసి, ఆమె వచ్చి కూర్చునేదాకా ఆగాడు.