పర్యావరణ పాలసీ ఎలా తయారవుతుందో నేర్పే ఆన్‌లైన్ కోర్సు, పూర్తి చేశాక నా రివ్యూ

పది వారాల కోర్సు ఇది, నిన్న రాత్రే చివరి అసైన్‌మెంట్ సబ్మిట్ చేశా, మర్చిపోకముందే రాసేస్తున్నా. వాతావరణ మార్పు సైన్స్ నేర్చుకుందాం అనుకునేవాళ్ళకి ఇది కాదు. ఒక చట్టమో, ఒప్పందమో కాగితం మీదకి ఎలా వస్తుంది, ఎవరు రాస్తారు, ఎవరు కొట్టేస్తారు, మధ్యలో ఏ మాట ఎందుకు మారుతుంది, అదంతా నేర్పుతారు. నాకు కావాల్సింది సరిగ్గా అదే.

మొదటి రెండు వారాలు మాత్రం సాగదీశారు. 1972 స్టాక్‌హోమ్, 1992 రియో, 1997 క్యోటో, 2015 పారిస్ అని అంతర్జాతీయ పర్యావరణ సదస్సుల గురించి వరసగా స్లైడ్లు చదువుకుంటూ పోయారు, స్పీడ్ పెంచి చూసేయండి ఏం పోదు.

మూడో వారం నుంచి మొదలైంది అసలు కోర్సు. చర్చల్లో ఉన్న డ్రాఫ్టులు చేతికిచ్చి చదవమన్నారు. ఇంకా ఒప్పందం కుదరని మాటల్ని చదరపు బ్రాకెట్లలో పెడతారని నాకు అప్పటిదాకా తెలీదు. ఒక్క వాక్యంలోనే మూడు నాలుగు బ్రాకెట్లు, ఒక్కోదాంట్లో ఒక్కో గ్రూపు దేశాలకి కావాల్సిన మాట, రాత్రంతా కూర్చుని చర్చించేది ఆ బ్రాకెట్లు ఒక్కోటి తీసెయ్యడానికే. పారిస్ ఒప్పందం 4వ ఆర్టికల్లో ధనిక దేశాలు ఉద్గారాలు తగ్గించడంలో ముందుండాలి అనే చోట చివరి డ్రాఫ్టులో 'షల్' అని ఉంది, అంటే చేసి తీరాలి. ఆఖరి రోజు అమెరికా అభ్యంతరం చెప్పాక అది 'షుడ్' అయింది, కట్టుబడి తీరాల్సిన పని కాస్తా చెయ్యడం మంచిది అన్న స్థాయికి దిగింది. షల్ ఉంటే వాళ్ళు సెనేట్ ముందుకి తీసుకెళ్ళాల్సి వచ్చేది, అక్కడ గట్టెక్కదు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గు విషయంలో కూడా అంతే, దశలవారీగా ఆపెయ్యడం అన్నది చివరి నిమిషంలో దశలవారీగా తగ్గించడం అయిపోయింది. ఇవి న్యూస్‌లో ఎప్పుడో విన్నా కానీ, పాత డ్రాఫ్టు, కొత్త డ్రాఫ్టు పక్కపక్కన పెట్టుకుని వేలితో చూస్తూ చదివితే ఒళ్ళు జలదరించింది నిజంగా, ఒక్క క్రియాపదం మీద ఎంత ఆధారపడి ఉందో.

ఆ తర్వాత రెండు వారాలు ఓజోన్ కథ, కోర్సు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. ఫ్రిజ్‌లు, స్ప్రేల్లో వాడిన సీఎఫ్‌సీ అనే రసాయనాలు ఓజోన్ పొరని దెబ్బతీస్తాయని మోలినా, రౌలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే చెప్పారు. వియన్నా ఒప్పందం 1985 మార్చిలో కుదిరింది, అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పల్చబడిందన్న పేపరు వచ్చింది మేలో. అంటే అన్ని ఆధారాలు చేతికొచ్చేదాకా ఆగలేదు, ముందు ఒక చట్రం వేసుకున్నారు, ఎంత తగ్గించాలన్న లెక్కలు 1987లో మాంట్రియల్‌లో పెట్టారు. దీని మీద లైవ్‌లో రోల్ ప్లే చేయించారు, మా గ్రూపుకి అభివృద్ధి చెందుతున్న దేశం పాత్ర వచ్చింది. 10 ఏళ్ళ అదనపు గడువు ఉన్నా సరే, కొత్త టెక్నాలజీకి డబ్బులు ఎవరిస్తారు అని మేము సంతకం పెట్టకుండా గంటన్నర భీష్మించుకు కూర్చున్నాం. అయిపోయాక ఇన్‌స్ట్రక్టర్ చెప్పారు, 1990లో లండన్‌లో ఈ ఒప్పందం కోసం ప్రత్యేక నిధి పెట్టింది అందుకేనని. సంతకం పెట్టని దేశాలతో ఆ రసాయనాల వ్యాపారం చెయ్యకూడదన్న షరతు కూడా ఉంది, బయట ఉండిపోతే నష్టం, లోపలికొస్తే సాయం. ఇది ఎన్ని పుస్తకాలు చదివినా ఇలా ఎక్కేది కాదు నాకు.

ఇక బాలేనివి. కార్బన్ టాక్స్, ఉద్గారాల ట్రేడింగ్ (అంటే ఉద్గారాలు వదిలే పర్మిట్లు కంపెనీలు కొనుక్కోవడం, అమ్ముకోవడం) రెండూ కలిపి ఒకే ఒక్క వీడియోలో చుట్టేశారు. ఫిన్లాండ్ 1990లోనే కార్బన్ టాక్స్ వేసింది, యూరప్ ట్రేడింగ్ 2005లో మొదలైంది, ఇన్నేళ్ళ అనుభవం ఉన్నప్పుడు ఎక్కడ పనిచేసింది ఎక్కడ చెయ్యలేదు అని కనీసం ఒక వారం పెట్టాలి కదా. అమలు గురించైతే మరీ అన్యాయం, రూల్ వచ్చాక ఇన్‌స్పెక్షన్‌కి ఎవరు వెళ్తారు, శాంపిల్ ఎవరు తీస్తారు, తేడా వస్తే ఏం చేస్తారు, ఇవేవీ లేవు. రూల్ రాయడం సగం పనే, మిగతా సగం వదిలేస్తే ఎలా?

అన్నిటికన్నా బాధ పెట్టింది ఫీడ్‌బ్యాక్. రెండు పేజీల పాలసీ మెమో రాయమన్నారు, మంత్రికి పది నిమిషాల టైమే ఉంటుంది, మొదటి పేరాలోనే ఏం చెయ్యాలో చెప్పాలి అన్నారు, చాలా మంచి అసైన్‌మెంట్. నాలుగు రాత్రులు కూర్చుని రాశా. తోటి స్టూడెంట్ల చేత మార్కులు వేయించారు, ఒకరు 'గుడ్' అని, ఇంకొకరు 'నైస్' అని పెట్టి వెళ్ళిపోయారు, ఎక్కడ తప్పు చేశానో నాకు ఇప్పటికీ తెలీదు. మెంటర్‌కి రెండుసార్లు మెసేజ్ పెడితే మూడు వారాలకి గానీ రిప్లై రాలేదు.

అయినా 5కి 4 ఇస్తున్నా, డ్రాఫ్టులు చదివించిన వారం, ఓజోన్ వారాలు చూసే. లా, జర్నలిజం చదివేవాళ్ళకి, ఎన్జీవోల్లో పనిచేసేవాళ్ళకి గట్టిగా చెప్తా చేరమని. వారానికి ఆరేడు గంటలు పడుతుంది. రోల్ ప్లే సెషన్‌కి రికార్డింగ్ ఇవ్వరు, ఆ రోజుకి మాత్రం ముందే సెలవు పెట్టుకోండి.