పాత మోచే కుండ అని అమ్ముతున్నారా? కొనకండి

పెరూ పురాతన కుండలంటే నాలాగే ప్రాణం పెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పోయిన నెల ఆన్‌లైన్‌లో 640 డాలర్లు పోసి ఒక మోచే కుండ కొన్నాను (మోచే అంటే పెరూ ఉత్తర తీరపు ప్రాచీన నాగరికత). గుండ్రటి కుండ, పైన గుర్రపు జీను రికాబులా వంగిన గొట్టం, దాని నడుమ నుంచి లేచిన మూతి. మీగడ రంగు మీద సన్నటి ఎర్ర గీతలతో పరుగెత్తే మనుషుల బొమ్మలు. క్రీ.శ. 500 నాటిదని, యూరప్‌లో ఒక కుటుంబం దాచుకున్నదని చెప్పి సర్టిఫికెట్ కూడా పంపారు.

పార్సిల్ విప్పితే కుండ పగిలి ఉంది. ఏడుపొచ్చింది. పెంకులు ఏరుతుంటే లోపలివైపు చుట్లు చుట్లుగా గీతలు కనిపించాయి. మా ఊరి కుమ్మరి కుండల్లో చిన్నప్పటి నుంచి చూసిన గీతలే. సారె మీద తిరిగే మట్టికి వేళ్లు ఆనిస్తే అలా పడతాయి. కానీ స్పానిష్‌వాళ్లు వచ్చేదాకా పెరూ ఉన్న ఆండీస్ పర్వత ప్రాంతంలో సారె అన్నదే లేదు!

పెరూ ఉత్తర తీరంలో సుమారు క్రీ.శ. 100 నుంచి 800 దాకా మోచేవాళ్లు ఇలాంటి కుండలు ఎక్కువగా రెండు ముక్కల అచ్చుతో చేశారు. ఒక్కో సగంలో మెత్తటి మట్టిని వేళ్లతో అదిమి, రెండు సగాలనూ కలిపి, బయటి అతుకును నున్నగా రుద్దేవారు. గొట్టాలను విడిగా చేసి అతికించేవారు. లోపల చెయ్యి పట్టదు కాబట్టి అక్కడ అతుకు, వేళ్ల నొక్కులు అలాగే మిగిలిపోతాయి. నా పెంకుల్లో అవేవీ లేవు.

డబ్బు వాపసు అడిగితే, పగిలిన వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు.

ఒకవేళ అది అసలుదే అయి ఉంటే ఇంకా టెన్షన్. 1929 చట్టం నుంచి పెరూలో ఇలాంటి పురాతన వస్తువులు ప్రభుత్వ ఆస్తి. అమెరికా కూడా 1997లో పెరూతో ఒప్పందం చేసుకుని వీటి దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. 1987లో పెరూలోని సిపాన్‌లో దొంగలు మోచే సమాధిని తవ్వి దోచుకున్నాక పురావస్తు శాస్త్రవేత్త వాల్టర్ ఆల్వా బృందం మిగిలినవాటిని కాపాడింది. అలాంటి తవ్వకాలకు డబ్బు అందేది మనలాంటి కొనేవాళ్ల దగ్గర నుంచే. ఈ మాట కొనకముందే ఆలోచించనందుకు సిగ్గుగా ఉంది.

"పాత సేకరణ" అంటే, అది పెరూ నుంచి ఎప్పుడు, ఏ కాగితాలతో బయటికొచ్చిందో అడగండి. జవాబు తేలకపోతే వదిలేయండి. అంత ఇష్టమైతే కొత్తదని చెప్పి అమ్మే నకలు కొనుక్కోండి, పెరూ కుమ్మరులు ఇప్పటికీ చాలా అందంగా చేస్తున్నారు. అసలువి చూడాలంటే లిమాలో లార్కో మ్యూజియం ఉంది.