అమెరికా ఎలక్షన్ ఫోర్‌కాస్ట్ మోడల్స్: 2012 నుంచి వాడుతున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఎవరు గెలుస్తారో తేల్చుకుందామని వీటి దగ్గరికి వెళ్లేవాళ్లు వెళ్లకపోవడమే మంచిది. పోటీ నువ్వా నేనా అన్నట్టు ఉన్నప్పుడు సరిగ్గా ఆ ఒక్క పనే వీటి వల్ల కాదు. ఒబామా, రామ్నీ టైం నుంచి పోల్స్ యావరేజ్‌లు, ఆ పోల్స్‌ని బట్టి గెలిచే ఛాన్స్ పర్సెంటేజ్‌లో చెప్పే మోడల్స్, బెట్టింగ్ రేట్లు, కౌంటింగ్ రాత్రి ఎవరు గెలిచేలా ఉన్నారో చూపిస్తూ అటూ ఇటూ ఊగే న్యూయార్క్ టైమ్స్ సూది, అన్నీ ఫాలో అవుతూనే ఉన్నా, 2028లో కూడా అవుతా, కాకపోతే వేరే పనికి.

2012లో వీటికి వచ్చిన పేరు అంతా ఇంతా కాదు. నేట్ సిల్వర్ పెట్టిన ఫోర్‌కాస్ట్ సైట్ ఫైవ్‌థర్టీఎయిట్ ఒబామాకి 90.9 శాతం ఛాన్స్ ఇచ్చింది, 50 రాష్ట్రాల్లో 50కి 50 కరెక్ట్ చెప్పింది, ఇక సిల్వర్‌ని జనం బ్రహ్మంగారి లెవెల్‌కి తీసుకెళ్లిపోయారు. అప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. నేషనల్ పోల్స్ యావరేజ్‌లో ఒబామాకి ఒక పాయింట్ లీడ్ కూడా లేదు, రిజల్ట్ వచ్చేసరికి దాదాపు 4 పాయింట్లు. అంటే పోల్స్ 3 పాయింట్లు తప్పాయి, కానీ తప్పింది గెలుస్తాడనుకున్నవాడి వైపే కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు.

2016లో నేషనల్ పోల్స్‌లో అంతకన్నా చిన్న తప్పే ఇంకో వైపు జరిగింది, జరిగితే మోడల్స్ చచ్చిపోయాయని హెడ్‌లైన్లు. ఇక్కడే కొంచెం ఆగాలి, ఎందుకంటే వీటిలో ఏది మంచిదో ఏది డమ్మీదో నాకు తెలిసొచ్చింది ఆ ఎలక్షన్‌లోనే. అందరి దగ్గరా ఉన్నవి దాదాపు అవే పోల్స్. అయినా హిల్లరీ క్లింటన్ గెలిచే ఛాన్స్ ఫైవ్‌థర్టీఎయిట్ 71 అంది, న్యూయార్క్ టైమ్స్ 85 అంది, హఫింగ్టన్ పోస్ట్ 98 అంది, ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ శామ్ వాంగ్ ఏకంగా 99 అన్నాడు. (ట్రంప్‌కి 240 ఎలక్టోరల్ ఓట్లు, అంటే రాష్ట్రాల వారీగా గెలుచుకునే ఓట్లు, మొత్తం 538లో 270 వస్తే గెలుపు, దాటితే పురుగుని తింటా అని పందెం కూడా వేశాడు, తర్వాత టీవీలో కూర్చుని కీచురాయిని తిన్నాడు కూడా, మాట మీద నిలబడ్డందుకు మెచ్చుకోవాలి.)

డేటా ఒకటే అయితే 71కి 99కి అంత తేడా ఎక్కడ వచ్చింది? విస్కాన్సిన్‌లో పోల్ తప్పితే మిషిగన్‌లో కూడా తప్పుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్న దగ్గర. ప్రతి రాష్ట్రాన్నీ విడివిడిగా టాస్ వేసినట్టు చూస్తే, విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మూడూ ఒకేసారి ఒకే పార్టీకి ఎదురు తిరగడం జరగని పని అనిపిస్తుంది. కానీ ఆ మూడు చోట్లా ఓటర్లు ఒకే రకం, కాలేజీ డిగ్రీ లేని తెల్లవాళ్లు ఎక్కువ, పోల్ చేసేవాళ్లు వాళ్లని లెక్కలో తక్కువ పట్టుకుంటే అన్ని చోట్లా తక్కువే పట్టుకుంటారు. ఆ ఏడాది చాలా రాష్ట్ర పోల్స్ చదువుని బట్టి వెయిటేజ్ సరిచెయ్యనే లేదు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ కలిపి దాదాపు 1 కోటి 40 లక్షల ఓట్లు పోలైతే, ట్రంప్‌ని గెలిపించిన మెజారిటీ మూడింట్లో కలిపి 78 వేల లోపే. అంత దగ్గరి పోటీకి 99 శాతం అని రాసిన మోడల్ మోడలే కాదు నా దృష్టిలో. 71 అన్నది మాత్రం తన పని తను చేసింది, జనం దాన్ని గ్యారంటీగా చదువుకుంటే దాని తప్పు కాదు కదా.

2020 గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఫైవ్‌థర్టీఎయిట్ బైడెన్‌కి 89 అంది, బైడెన్ గెలిచాడు, సక్సెస్ అన్నారు. నేనైతే 2016 కన్నా దీనికే తక్కువ మార్కులు వేస్తా. విస్కాన్సిన్ ఫైనల్ యావరేజ్‌లో బైడెన్‌కి 8 పాయింట్లకు పైగా లీడ్, ఒక పేరున్న పోల్ అయితే 17 చూపించింది, కౌంటింగ్ అయ్యాక తేలింది 0.6. అదే టైంలో జార్జియా యావరేజ్ ఒక పాయింట్ అటూ ఇటూగా కరెక్ట్‌గా వచ్చింది. అంటే ఏ రాష్ట్రంలో పోల్స్ నమ్మాలో కూడా ముందు తెలియదన్నమాట. జార్జియా, అరిజోనా, విస్కాన్సిన్ మెజారిటీలు కలిపితే 43 వేలు, అవి అటు పోయుంటే 269-269 టై. ఇంత అంచున గెలిచిన ఎలక్షన్‌కి మోడల్ సూపర్ అనడం నా వల్ల కాదు.

2024కి వచ్చేసరికి పాము చావదు కర్ర విరగదు టైపు. నేట్ సిల్వర్ తన మోడల్‌ని 80,000 సార్లు రన్ చేస్తే 40,012 సార్లు హారిస్ గెలిచింది. ఆయన అప్పటికే వెళ్లిపోయిన ఫైవ్‌థర్టీఎయిట్ కూడా 100లో హారిస్‌కి 50, ట్రంప్‌కి 49 ఇచ్చింది. ఈ మాత్రం దానికి మోడల్ ఎందుకు రూపాయి బిళ్ల చాలదా అని అందరూ నవ్వారు, నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ పేజీలో పైన ఉన్న పర్సెంటేజ్ వదిలేసి కిందికి వెళ్తే అసలు సరుకు అక్కడ ఉంది. ఆ వేల రన్స్‌లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన మ్యాప్ ఏంటంటే ఏడు స్వింగ్ స్టేట్స్, అంటే ఎటైనా మొగ్గే రాష్ట్రాలు, అన్నీ ట్రంప్‌కే. రెండోది ఏడూ హారిస్‌కే. అంటే 50-50 అంటే ఫలితం కూడా గోరంత తేడాతోనే ఉంటుందని కాదు, ఏ వైపు ఒరిగినా మొత్తం అటే ఒరిగే ఛాన్స్ బాగా ఉందని. ఒరిగింది కూడా అలాగే, ఏడూ ట్రంప్‌కే, 312-226. అయినా విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మెజారిటీలు కలిపితే 2 లక్షల 30 వేలు దాటలేదు. రెండు మాటలూ ఒకేసారి నిజమే.

బెట్టింగ్ మార్కెట్ల ఫ్యాన్స్ ఇక్కడ ఊరుకోరు, పాలీమార్కెట్ అనే బెట్టింగ్ సైట్ ట్రంప్‌కి 60 పైన ఇచ్చింది కదా అంటారు. ఇచ్చింది. ఒక ఫ్రెంచ్ వ్యాపారి అందులో కోట్ల డాలర్లు పెట్టాడు, మీ పక్కింటివాళ్లు ఎవరికి వేస్తారు అని అడిగే సర్వేలు సొంత డబ్బులతో చేయించుకుని మరీ పెట్టాడు, బాగా సంపాదించాడు. ఆయన ఐడియా నాకు నచ్చింది, మార్కెట్ మీద మాత్రం అంత నమ్మకం లేదు. 2016లో ఇలాంటి మార్కెట్లే క్లింటన్‌ని ఫేవరెట్ అన్నాయి. పోల్స్ చూడకుండా 13 అవును-కాదు ప్రశ్నలతో విజేతని చెప్పే ప్రొఫెసర్ అలన్ లిచ్‌మన్ 13 కీస్ గురించి ఎక్కువ రాయను, 2024లో హారిస్ అన్నాడు, అయిపోయింది. ఆఖరి వీకెండ్‌లో అయోవాలో హారిస్‌కి 3 పాయింట్ల లీడ్ అని ఒక్క పోల్ వస్తే టీవీలన్నీ ఊగిపోయాయి, ట్రంప్ అక్కడ 13తో గెలిచాడు. ఒక్క పోల్ చూసి బీపీ పెంచుకోకండి, ఎంత పేరున్నదైనా.

కౌంటింగ్ రాత్రి వాడకం గురించి కూడా రాయాలి, నాకు అసలు మజా అక్కడే. సూది చూడటం కన్నా కౌంటీలు (మన జిల్లాల లాంటివి) చూడటం మేలు. 2024లో వర్జీనియాలో లౌడన్ కౌంటీ లెక్క తొందరగానే వచ్చింది, బైడెన్‌కి 25 పాయింట్ల మెజారిటీ ఇచ్చిన చోట హారిస్‌కి 17 దగ్గర ఆగింది. అది స్వింగ్ స్టేట్ కాదు, గెలిచింది కూడా హారిసే, కానీ శివారు కౌంటీలో 8 పాయింట్లు కరిగితే పెన్సిల్వేనియా శివార్లలో ఏం జరగబోతోందో ఊహించుకోవచ్చు. మరి ఈ ట్రిక్ ఎప్పుడూ పనిచేస్తుందా అంటే లేదు. 2020లో ఫ్లోరిడాలోని మయామి-డేడ్ ముందు వచ్చింది, క్లింటన్‌కి 30 దగ్గర ఇచ్చిన కౌంటీ బైడెన్‌కి 7 ఇచ్చింది, బెట్టింగ్ రేట్లు ఆ రాత్రి ట్రంప్ వైపు ఎగబాకాయి, తీరా చూస్తే అది క్యూబా మూలాలున్న ఓటర్ల కథ, మిషిగన్‌కి దానితో సంబంధం లేదు. కాబట్టి కౌంటీ చూసేటప్పుడు అక్కడ ఎవరుంటారో, అలాంటి జనం ఫలితం తేల్చే రాష్ట్రాల్లో ఉన్నారో లేదో చూసుకోవాలి. ఇంకోటి, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో పోస్టల్ బ్యాలెట్లు పోలింగ్ రోజు పొద్దుటి దాకా ముట్టుకోనివ్వరు, వాటిలో డెమొక్రాట్ల ఓట్లే ఎక్కువ, అందుకే 2020లో మొదట ట్రంప్ లీడ్ భారీగా కనిపించి లెక్కపెట్టేకొద్దీ కరిగిపోయింది. దాన్ని చూసి ఏదో జరిగిపోయిందని అరిచినవాళ్లకి ఈ రూల్ తెలిసుంటే బాగుండేది.

ఇక ఎవరికి పనికొస్తాయి అంటే, రాత్రంతా మేలుకుని కౌంటింగ్ చూసే పిచ్చి ఉన్నవాళ్లకి. ఏ రాష్ట్రం దగ్గర ఆట తేలుతుందో చెప్పడంలో మోడల్స్ నిజంగా బాగుంటాయి, 2024లో పెన్సిల్వేనియా, దాని 19 ఓట్లు అని నెలల ముందే చెప్పాయి. పందెం కాయడానికో, పడుకునే ముందు ధైర్యం కోసమో అయితే వద్దు. ఫైవ్‌థర్టీఎయిట్‌ని 2025 మార్చిలో ఏబీసీ వాళ్లు మూసేశారు, సిల్వర్ సొంత న్యూస్‌లెటర్‌లో మోడల్ పూర్తి వివరాలు కావాలంటే డబ్బు కట్టాలి. ఫ్రీగా కావాలంటే పోల్స్ యావరేజ్ ఒకటి తీసుకోండి, స్వింగ్ స్టేట్స్ అన్నిట్లో ఒకసారి అటు 3 పాయింట్లు, ఒకసారి ఇటు 3 పాయింట్లు జరిపి రెండు మ్యాప్‌లు గీసుకోండి. రెండిట్లోనూ ఒకే మనిషి గెలిస్తే అది టైట్ ఎలక్షన్ కాదు, వేర్వేరు మనుషులు గెలిస్తే ఇక ఏ పర్సెంటేజ్ చూసినా దానికి మించి తెలిసేది పెద్దగా ఉండదు.