పొగకు అలవాటుపడిపోయిన సెన్సర్: రెండేళ్ల వాడకం తర్వాత

ఈ గాలి సెన్సర్‌ని కొన్నది దాని 'స్మార్ట్ అలర్ట్' కోసమే. మా అబ్బాయికి ఆస్తమా. గాలిలో పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి దూరే సన్నటి పొగ, ధూళి కణాలు) పెరుగుతోందని ముందే తెలిస్తే కిటికీలు మూసేయొచ్చని ఆశ.

మొదటి రెండు నెలలు దాన్ని ఎంత మెచ్చుకున్నానో! తెల్లవారుజామున ఎదురు ఖాళీ స్థలంలో ఎవరో చెత్త తగలబెట్టేవారు. వాసన మా దాకా రాకముందే ఫోన్ మోగేది. లేచి కిటికీలు వేసేదాన్ని. తెలిసినవాళ్లందరికీ కొనమని చెప్పాను.

తర్వాత అలర్ట్‌లు తగ్గుతూ వచ్చి, పూర్తిగా ఆగిపోయాయి. చెత్త కాల్చడం మానేశారనుకుని సంతోషించాను. కిటికీలు తెరిచే పడుకునేవాళ్లం. అబ్బాయికి పొద్దున్నే దగ్గు మళ్లీ మొదలైంది, ఇన్‌హేలర్ వాడకం పెరిగింది. చలికాలం కదా అని సరిపెట్టుకున్నాను. ఒకరోజు ఎందుకో అనుమానమొచ్చి యాప్‌లో పాత గ్రాఫ్ తెరిచి చూస్తే గుండె ఆగినంత పనైంది. వరసగా మూడు వారాలు, రోజూ నాలుగున్నర ప్రాంతంలో గీత నిట్టనిలువుగా లేచి ఉంది. కొన్ని రోజులు 180 కూడా దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన 24 గంటల సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములే. కాసేపటి పొగను రోజు సగటుతో పోల్చకూడదని తెలుసు, అయినా ఆ గీత చూశాక మనసు కుదుటపడలేదు. సెన్సర్ అన్నీ కొలిచింది, దాచింది, నాకు మాత్రం చెప్పలేదు.

కారణం సెట్టింగ్స్‌లో ఓ మూల దొరికింది. ఇందులోని కృత్రిమ మేధ మన ఇంటి దగ్గర ఏ వేళకు ఎంత ఉండటం మామూలో పాత లెక్కల నుంచి నేర్చుకుంటుంది. దానికి తేడా వస్తేనే మోగుతుంది. రోజూ అదే వేళకు పొగ వస్తే ఆ పొగే దానికి మామూలైపోయింది. కొత్తగా వచ్చే మార్పును పట్టుకోవడానికి మంచి పద్ధతే, కాదనను. పిల్లాడి ఊపిరితిత్తులు అలా అలవాటుపడవు కదా! ఈ ముక్క పెట్టె మీద ఒక్క లైన్ రాసి ఉంటే సరిపోయేది. నా కోపమంతా అక్కడే.

ఇప్పుడు ఆ స్మార్ట్ అలర్ట్‌ని ఆపేసి, పీఎం 2.5 అంకె 35 దాటితే మోగేలా నేనే పెట్టుకున్నాను. పొగమంచు రోజుల్లో మాత్రం ఊరికే మోగుతోంది. ఈ రకం సెన్సర్లు కణాల మీద పడి లేజర్ కాంతి ఎంత చెదిరిందో చూసి లెక్కకడతాయి. తేమ బాగా ఎక్కువైతే కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అంకె పెరుగుతుంది. అంకెలు కచ్చితంగా ఉన్నాయని మొదట్లో అందరికీ చెప్పాను. ఇప్పుడైతే అంకె కన్నా గీత ఎటు పోతోందన్నదే నమ్ముతున్నాను.

అమ్మేస్తానా అంటే, లేదు. మాకు పొగ వచ్చే వేళ తెలుసు, లేచి కిటికీ వేయడానికి నేనున్నాను. రద్దీ రోడ్డు పక్కన ఉండేవాళ్లు 35 పెట్టుకుంటే నిద్రపట్టదు, వాళ్లు పరిమితిని పెంచుకోవాల్సిందే. మీరు ఏది కొన్నా, పరిమితి మన చేతులతో పెట్టుకునే వీలుందో లేదో ముందు చూసుకోండి. వారానికోసారి గ్రాఫ్ తెరవండి.