వాలెస్ గది, స్ట్రింగర్ భవనం: ‘ది వైర్’లో ఏ ఎపిసోడ్ మేలు?

అమెరికాలోని బాల్టిమోర్ నగరాన్ని కథాస్థలంగా తీసుకుని హెచ్‌బీఓ 2002 నుంచి 2008 వరకు ఐదు సీజన్లుగా ప్రసారం చేసిన టీవీ సిరీస్ ‘ది వైర్’లో మొత్తం 60 ఎపిసోడ్లు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా మేలైనది ఏదని ఎవరైనా అడిగితే నా ఆలోచన రెండింటి మధ్యే తిరుగుతుంది. ఒకటి మొదటి సీజన్‌లోని ‘క్లీనింగ్ అప్’, రెండోది మూడో సీజన్‌లోని ‘మిడిల్ గ్రౌండ్’. ఈ రెండింటి గురించి మాట్లాడాలంటే అందులోని చావుల గురించి చెప్పక తప్పదు కనుక, ఇంకా చూడనివారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

పోల్చడానికి ఇవి తగిన జంట. రెండూ తమ తమ సీజన్లలో చివరి ఎపిసోడ్‌కు ముందువి, రెండింటి స్క్రిప్టు నవలాకారుడు జార్జ్ పెలెకానోస్‌దే. మొదటిది 2002 సెప్టెంబరు 1న, రెండోది 2004 డిసెంబరు 12న ప్రసారమయ్యాయి. ‘మిడిల్ గ్రౌండ్’ రచనకు ఎమ్మీ నామినేషన్ దక్కింది. ఐదు సీజన్లకూ కలిపి ఈ సిరీస్‌కు వచ్చిన ఎమ్మీ నామినేషన్లే రెండు, గెలుచుకున్నది ఒక్కటీ లేదు. కాబట్టి అవార్డులను కొలబద్దగా పెట్టుకుంటే మనకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

‘మిడిల్ గ్రౌండ్’ బలమంతా ఒక బాల్కనీలో ఉంది. మత్తుమందుల ముఠా నాయకుడు ఏవన్ బార్క్స్‌డేల్, అతని చిన్ననాటి స్నేహితుడూ కుడిభుజమూ అయిన స్ట్రింగర్ బెల్ రాత్రివేళ హార్బరు దీపాలు చూస్తూ పాత సంగతులు తలచుకుంటారు. చిన్నప్పుడు స్ట్రింగర్ ఒక బ్యాడ్మింటన్ సెట్టు కొట్టేయడం, ఆడుకోవడానికి పెరడే లేనివాళ్లకు ఆ నెట్టూ రాకెట్లూ ఎందుకని ఏవన్ అనడం గుర్తు చేసుకుని ఇద్దరూ నవ్వుకుంటారు. అప్పటికే స్ట్రింగర్ ఏవన్ దాక్కున్న ఇంటి ఆచూకీని పోలీసు మేజర్ కాల్విన్‌కు చెప్పేశాడు, ఏవన్ కూడా స్ట్రింగర్‌ను చంపదలచినవాళ్లకు వదిలేశాడు. ఒకరి ద్రోహం ఒకరికి తెలియదు, ప్రేక్షకుడికి మాత్రం రెండూ తెలుసు. అందువల్ల ఆ నవ్వులోని ఆప్యాయత నిజమే అనిపిస్తూనే గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది. ఇద్రిస్ ఎల్బా, వుడ్ హారిస్ నటన ఇంత బాగున్న సన్నివేశం ఈ సిరీస్‌లో మరొకటి నాకు కనిపించలేదు.

అదే ఎపిసోడ్‌లో సెనేటర్ క్లే డేవిస్ తన డబ్బు కాజేశాడని తెలిసి స్ట్రింగర్ అతణ్ని చంపించాలనుకుంటాడు. సెనేటరును చంపడమంటే వీధి మూలన కుర్రాణ్ని చంపడం లాంటిది కాదని ఏవన్ కొట్టిపారేస్తాడు. కళాశాలలో అర్థశాస్త్రం చదివి, కంపెనీ పెట్టి, భవనాలు కట్టిస్తున్న మనిషికి నగరం ఎలా నడుస్తుందో తెలియలేదనీ, వీధి దాటని ఏవన్‌కు తెలిసిందనీ చెప్పే ఈ చిన్న ఘట్టం నాకు చాలా ఇష్టం.

అయితే ఈ ఎపిసోడ్‌లో నాకు మింగుడుపడని భాగమూ ఉంది. తుపాకులు ఎక్కుపెట్టి, మత్తుమందుల వ్యాపారులను దోచుకునే ఒమర్, బ్రదర్ మౌజోన్ సందులో ఎదురెదురుగా నిలబడే సన్నివేశం చూడముచ్చటగానే ఉంటుంది, కానీ అది బాల్టిమోర్ సందులా కాక కౌబాయ్ సినిమా వీధిలా కనిపిస్తుంది. సూటూ బో టై వేసుకుని న్యూయార్క్ నుంచి దిగే హంతకుడు మౌజోన్, మిగతా పాత్రలు తొక్కుతున్న నేల మీద నిలబడిన మనిషి కాడు. స్ట్రింగర్ చావు అలాంటివాడి చేతుల్లో పెట్టడం వల్ల కథకు ఠీవి వచ్చింది గానీ కొంత నిజం తగ్గింది.

‘క్లీనింగ్ అప్’లో అలాంటి ఠీవి ఏమీ లేదు. ఏవన్ ముఠా తరఫున మత్తుమందులు అమ్మే పదహారేళ్ల వాలెస్‌ను పోలీసులు రక్షణ కోసం పల్లెలోని అమ్మమ్మ ఇంటికి చేర్చినా, అతనక్కడ ఉండలేక తిరిగి వచ్చేస్తాడు. పోలీసులకు ఏదో చెప్పాడన్న అనుమానంతో స్ట్రింగర్ అతణ్ని చంపే పనిని అదే ముఠాలోని కుర్రాడు బోడీకి అప్పగిస్తాడు. బోడీ, అతని తోటి కుర్రాడు పూట్, వాలెస్ ముగ్గురూ కలిసి తిని, పాడుపడిన ఇంటికి చేరుకుంటారు. తాను చూసుకునే పిల్లల కోసం వాలెస్ గదిలో వెతుకుతాడు, ఎవరూ ఉండరు. అంతకుముందు ఒక ఎపిసోడ్‌లో, పక్కింటి నుంచి వైరు లాగి కరెంటు తెచ్చుకున్న ఆ ఇంట్లోనే, అతను పిల్లల్ని నిద్రలేపి బడికి పంపుతూ ఒక్కొక్కరికీ చిప్స్ ప్యాకెట్టూ జ్యూస్ డబ్బా అందించడం మనం చూసి ఉంటాం. ఇప్పుడు అదే ఇంట్లో బోడీ తుపాకీ తీస్తాడు. చేయి వణుకుతుంది. మీరు నా స్నేహితులు కదా అని వాలెస్ బతిమాలుతాడు. బోడీ కాల్చాక ఆగిపోతే పూట్ తుపాకీ అందుకుని మిగతాది పూర్తి చేస్తాడు.

రెండు చావులూ రెండు కట్టడాల్లో జరుగుతాయని మూడోసారి చూసినప్పుడు గానీ నాకు తట్టలేదు. స్ట్రింగర్ చనిపోయేది తన కంపెనీ బాగు చేయిస్తున్న భవనంలో, వాలెస్ చనిపోయేది నగరం వదిలేసిన ఇంట్లో. 1950లో దాదాపు తొమ్మిదిన్నర లక్షలున్న బాల్టిమోర్ జనాభా 2000 నాటికి ఆరున్నర లక్షలకు పడిపోయింది. వలసపోయినవారి వెనుక ఒకదానికొకటి అంటుకుని కట్టిన ఇళ్లు, కిటికీలకు చెక్కలు కొట్టేసి, వేల సంఖ్యలో ఖాళీగా మిగిలాయి. వాలెస్ కథ ఆ లెక్కల్లోంచే పుట్టింది, ఆ ఇల్లు ఖాళీగా లేకపోతే అతని సంసారమే లేదు. స్ట్రింగర్ భవనానికి కూడా అర్థం ఉంది. హార్బరు చుట్టూ కొత్త కట్టడాలు లేస్తున్న నగరంలో తనకూ వాటా ఉందని నమ్మిన మనిషి పునాది దాటకుండా కూలిపోవడం అందులో ఉంది. అయినా స్ట్రింగర్ తన దారి తానే ఎంచుకున్నాడు, అతని చావులో అతని లెక్కల తప్పు ఉంది. వాలెస్ చావులో ఉన్నది పైనుంచి కిందికి దిగిన ఒక ఆజ్ఞ, దాన్ని అమలు చేసిన ఇద్దరు కుర్రాళ్లు.

అందుకే మాటల పొందికకు ‘మిడిల్ గ్రౌండ్’కు ఎక్కువ మార్కులు వేసినా, మేలైనది ‘క్లీనింగ్ అప్’ అనే అంటాను. నాలుగో సీజన్ చివర్లో బోడీ ఒక తోటలో బెంచి మీద కూర్చుని, చెప్పని పని తాను ఏనాడూ చేయలేదని పోలీసు మెక్‌నల్టీతో అంటాడు. ‘చెప్పిన పని’ అంటే ఏమిటో మొదటి సీజన్‌లోని ఆ గదిని చూసినవారికి తెలుసు.